ఎద్దు బాగా పడింది, మరి మనిషేడి?

పోయిన సంక్రాంతికి గురజాల పక్కన మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో బండలాగుడు పోటీలు పెట్టారు. సీనియర్ దగ్గర బతిమాలి తెచ్చుకున్న కెమెరా మెడలో వేసుకుని వెళ్లా. రెండు రోజుల్లో ఆరొందల పైన ఫోటోలు కొట్టా. దుమ్ము లేస్తోంది, మైకులో కామెంటరీ మోగిపోతోంది, తెల్లటి ఒంగోలు గిత్తలు మెడలు వంచి బండ లాగుతున్నాయి. ఏ వైపు తిప్పి నొక్కినా సినిమా పోస్టర్‌లాగే ఉంది అనుకున్నా.

మా మామయ్య వాళ్ల ఎడ్లను తోలే తాత ఒకాయన ఉన్నారు. అరవై దాటుంటాయి. పోటీ అయిపోయాక సాయంత్రం నా పక్కన కూర్చుని, కెమెరా స్క్రీన్ మీద ఒక్కో ఫోటో చూశారు. పదో ఇరవయ్యో చూశాక ఒకటే మాట అన్నారు.

"ఎద్దు బాగా పడింది రా అబ్బాయ్. మరి నేనేడ?"

ఆయన ఫోటోలోనే ఉన్నారు. ఎద్దు మోపురానికీ ఆయన తలగుడ్డకీ మధ్య ముఖం ఉండాల్సిన చోట నల్లటి మచ్చ ఉంది. కళ్లు లేవు, ముడతలు లేవు, మీసం కూడా తెలీడం లేదు. ఆయన నవ్వేశారు. నేనూ నవ్వేశా.

రాత్రి అన్నాల దగ్గర వాళ్ల కోడలు మా అత్తయ్యతో మామూలుగా అంది: "మా మామయ్యకి మంచి ఫోటో ఒక్కటీ లేదక్కా. అత్తమ్మ పోయినప్పుడు ఏదో కార్డు మీద ఉన్న బొమ్మనే పెద్దది చేయించి ఫ్లెక్సీ కొట్టించాం. ఆవిడేనా అని మాకే అనుమానం వచ్చింది."

ఆ మాట విన్నాక ఆ ఆరొందల ఫోటోలు మళ్లీ చూడబుద్ధి కాలేదు. తప్పెక్కడ జరిగిందో మాత్రం తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నదే ఈ వ్యాసం. కెమెరా లేకపోయినా పర్లేదు, ఇందులో ముప్పావు వంతు ఫోన్‌కి కూడా పనికొస్తుంది.

ముందు ఆట గురించి కొంచెం

మన కాలేజీలో వేరే జిల్లాల వాళ్లు కూడా ఉన్నారు కాబట్టి రెండు ముక్కలు. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, నరసరావుపేట కేంద్రం. ఇక్కడ సంక్రాంతికీ, శివరాత్రికీ, ఊరి తిరునాళ్లకీ ఎడ్ల బండలాగుడు పోటీలు పెడతారు. ఒక పెద్ద రాతి బండకి గొలుసు కట్టి, కాడికి తగిలిస్తారు. ఇచ్చిన టైములో ఏ జత ఎక్కువ అడుగుల దూరం లాగితే దానిదే మొదటి బహుమతి. ట్రాక్ చివరికి వెళ్లాక ఎడ్లను తిప్పుకుని మళ్లీ లాగించాలి. ఆ తిప్పడంలోనే తోలేవాళ్ల పనితనం తెలిసేది.

విభాగాలు పళ్లను బట్టి ఉంటాయి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆ పైన సీనియర్స్. పశువులకి పాలపళ్లు ఊడి అసలు పళ్లు జతలు జతలుగా వస్తాయి. అందుకే నోరు తెరిచి చూసి వయసు చెప్పేస్తారు. నాకు ఇది తెలిసిన రోజు, వీళ్లు డేట్ ఆఫ్ బర్త్ సర్టిఫికెట్ నోట్లోనే పెట్టుకుని తిరుగుతున్నారే అనిపించింది.

అమెరికాలో దీనికి దగ్గరగా ఉండేది రోడియో. చిన్న చిన్న టౌన్లలో పశువుల కాపర్లు, అంటే కౌబాయ్‌లు, గుర్రాల మీదా ఎద్దుల మీదా తమ పనితనం చూపించే పోటీ. వయోమింగ్‌లోని షయాన్ ఊళ్లో 1897 నుంచి జరుగుతోంది. ఒక తమాషా ఏంటంటే, రోడియోలో మనుషుల్ని ఎగరేసి పడేసే ఎద్దుల్లో చాలా వాటిలో బ్రాహ్మన్ అనే జాతి రక్తం ఉంటుంది. ఆ బ్రాహ్మన్ జాతిని అమెరికా వాళ్లు మన దేశపు పశువుల నుంచే తయారు చేశారు. గిర్, గుజరాత్ జాతులతో పాటు అందులో మన ఒంగోలు కూడా ఉంది. అక్కడ దాన్ని నెల్లూరు పేరుతో పిలుస్తారు. అంటే అక్కడ కౌబాయ్ పక్కనా, ఇక్కడ మా తాత పక్కనా ఉన్నవి దూరపు చుట్టాలే.

కెమెరా ఎందుకు మోసం చేసింది

కెమెరాకి ఎదురుగా ఉన్నది ఎద్దో మనిషో మొదట్లో తెలీదు. దానికి తెలిసింది వెలుగు ఒక్కటే. మీటర్ అనే భాగం ఫ్రేమ్ అంతటి వెలుగునీ కొలిచి, సగటున అది మధ్యరకం బూడిద రంగులో వచ్చేలా ఎక్స్‌పోజర్ పెడుతుంది. ఆ మధ్యరకం బూడిదని ఫోటోగ్రాఫర్లు 18 శాతం గ్రే అంటారు. అంటే తన మీద పడ్డ వెలుగులో 18 శాతాన్ని తిరిగి పంపే రంగు. మామూలు దృశ్యాల్లో చెట్లూ, నేలా, గోడలూ, మనుషులూ కలిస్తే సగటు అటూ ఇటూగా అక్కడికే వస్తుంది. అందుకే ఈ పద్ధతి ఎక్కువసార్లు పనిచేస్తుంది.

ఒంగోలు గిత్త దగ్గరికి వచ్చేసరికి దెబ్బతింటుంది. నేను తీసిన ఫోటోలాంటి దాన్ని ఒకదాన్ని ఊహించుకుని లెక్క వేద్దాం. అంకెలు నేను ఉదాహరణకి పెట్టుకున్నవే.

ఫ్రేమ్‌లో 70 శాతం ఎద్దు. అది 70 శాతం వెలుగు తిరిగి పంపుతుంది అనుకుందాం. 25 శాతం నేల, 20 శాతం వెలుగు పంపుతుంది. మిగిలిన 5 శాతం తాత ముఖం. ఎండకి నల్లబడిన చర్మం, పైగా తలగుడ్డ నీడ, కాబట్టి 8 శాతం.

సగటు: 0.7 × 0.7 + 0.25 × 0.2 + 0.05 × 0.08 = 0.544.

మీటర్‌కి కావాల్సింది 0.18. అందుకని మొత్తం వెలుగుని మూడో వంతుకి కోసేస్తుంది. దీన్ని మన స్క్రీన్ల 0 నుంచి 255 లెక్కలోకి, గామాతో సహా మారిస్తే, ఎద్దు సుమారు 132 దగ్గర వస్తుంది, ముఖం 45 దగ్గర. అంటే తెల్లటి ఎద్దు బూడిద రంగు ఎద్దు అయింది, మనిషి చీకటి అయ్యాడు.

ఇక్కడే నాకు ఆశ్చర్యమేసింది. ఎద్దు బాగా రావడం కోసం మనిషి పోయాడేమో అని అప్పటిదాకా అనుకున్నా. నిజానికి ఎద్దూ బాగా రాలేదు. మీటర్ మాట వినకుండా మూడు రెట్లు వెలుగు ఇస్తే, అంటే ఫోటోగ్రఫీ భాషలో ఒకటిన్నర స్టాప్ పెంచితే, ఎద్దు 218కి వస్తుంది. అది అసలైన తెలుపు, ఇంకా 255 దాటి కాలిపోలేదు. ముఖం 80కి వస్తుంది. కళ్లు కనబడతాయి, ముడతలు లెక్కపెట్టొచ్చు. ఇద్దర్లో ఎవర్నీ వదులుకోనక్కర్లేదు. ఒక స్టాప్ అంటే రెట్టింపు వెలుగు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

"ఎడిటింగ్‌లో పెంచుకోవచ్చుగా" అని మా రూమ్మేట్ అడిగాడు. కొంతవరకే. జేపెగ్ ఫైల్‌లో ఒక్కో రంగుకీ 8 బిట్లు, అంటే 256 మెట్లే. ముఖం మొత్తం అడుగున ఉన్న కొద్ది మెట్లలో ఇరుక్కుపోతే, పైకి లాగినప్పుడు చర్మానికి బదులు నాయిస్ పైకి వస్తుంది. 14 బిట్ల రా ఫైల్ అయితే 16,384 మెట్లు ఉంటాయి కాబట్టి కాస్త నయం. నేను తీసినవన్నీ జేపెగ్‌లే. మెమరీ కార్డు నిండిపోతుందని.

ఇది మా ఊరి సమస్య మాత్రమే కాదు

చదువుతుంటే తెలిసింది, దీనికి పెద్ద చరిత్రే ఉంది. ఫిల్మ్ రోజుల్లో ల్యాబ్‌లలో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ వాళ్లు ఒక రిఫరెన్స్ ఫోటో పంపేవాళ్లు. అందులో ఒక తెల్లజాతి అమ్మాయి ఉండేది. మొదటి మోడల్ పేరు మీద దాన్ని షర్లీ కార్డు అనేవాళ్లు. ఆ చర్మం బాగా వస్తే మెషిన్ సరిగ్గా ఉన్నట్టు. మిగతా చర్మాల సంగతి చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

మన బ్రాంచి వాళ్లకి దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. 2018లో జాయ్ బువొలమ్‌వీని, టిమ్నిట్ గెబ్రూ కలిసి జెండర్ షేడ్స్ అనే పరిశోధన చేశారు. ముఖం చూసి ఆడా మగా చెప్పే మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్లటి చర్మం ఉన్న మగవాళ్ల విషయంలో తప్పు ఎక్కువలో ఎక్కువ 0.8 శాతం. నల్లటి చర్మం ఉన్న ఆడవాళ్ల విషయంలో అది 34.7 శాతం దాకా వెళ్లింది. కోడ్‌లో ఎవరూ కావాలని అలా రాయలేదు. నేర్పించడానికి వాడిన ఫోటోల్లోనే అలాంటి ముఖాలు తక్కువ. 2021లో గూగుల్ తన పిక్సెల్ ఫోన్లలో రియల్ టోన్ అని పెట్టింది ఈ లోటు సరిచేయడానికే.

నేను చేసిందీ అదే కదా. కావాలని చేయలేదు. కెమెరా డిఫాల్ట్ ఏది ఇస్తే అది తీసుకున్నా.

ఏం చేయాలి

ఒకటి. ముఖాన్ని కొలవండి. ఫోన్ అయితే ముఖం మీద వేలు పెట్టి అలాగే పట్టుకోండి, ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని పైకీ కిందకీ జరిపి సరిచేసుకోండి. కెమెరా అయితే స్పాట్ మీటరింగ్ పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త: ముఖాన్నే కొలిస్తే మీటర్ దాన్ని కూడా మధ్యరకం బూడిద చేయాలని చూస్తుంది, అంటే ఉన్నదానికన్నా తెల్లబరుస్తుంది. అది మనకి వద్దు. బ్యూటీ ఫిల్టర్ కూడా తీసేయండి. నలుపు తప్పు కాదు, వివరం లేని నలుపు తప్పు. ఎండలో అరవై ఏళ్లు పనిచేసిన ముఖాన్ని పౌడర్ డబ్బాలో ముంచి తీస్తే అదీ ఆయన ఫోటో కాదు.

రెండు. అరచేతిని వాడండి. ముఖాల రంగు ఎంత తేడాగా ఉన్నా, అరచేతుల రంగులో అంత తేడా ఉండదు. మధ్యరకం బూడిద కన్నా దాదాపు ఒక స్టాప్ వెలుగు ఎక్కువ. మనిషి నిలబడ్డ వెలుగులోనే మీ అరచేతిని పెట్టి కొలిచి, ఒక స్టాప్ పెంచండి. పాత ఫోటోగ్రాఫర్లు వాడే చిట్కా ఇది.

మూడు. నాపరాయిని వాడండి. ఫోటోగ్రాఫర్లు గ్రే కార్డు అని ఒకటి కొనుక్కుంటారు. పల్నాడులో దానికి డబ్బులు దండగ. మాచర్ల వైపు నుంచి వచ్చే నాపరాయి ప్రతి ఇంటి ముందూ, అరుగు మీదా పరిచే ఉంటుంది. పసుపుది కాకుండా బూడిద రంగు పలక చూసుకోండి. అచ్చంగా 18 శాతం ఉండదు గానీ, తెల్ల ఎద్దు కన్నా ఎంతో దగ్గర. మనిషి మీద పడే వెలుగే పడుతున్న రాయిని కొలిచి లాక్ చేయండి. వైట్ బ్యాలెన్స్‌కి కూడా మొదటి ప్రయత్నంగా బాగానే పనిచేసింది.

నాలుగు. మనిషిని నీడలోకి తీసుకురండి. పోటీలు జరిగేది పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఎండ నడినెత్తిన ఉంటుంది. కనుబొమ్మల కింద, ముక్కు కింద, తలగుడ్డ కింద నల్లటి నీడలు పడతాయి. వేపచెట్టు నీడ అంచున నిలబెట్టి, ముఖం వెలుతురు వైపు తిప్పమనండి. చెట్టు కింద మరీ లోపలికి వెళ్తే ఆకుపచ్చ రంగు ముఖం మీదకి వస్తుంది. షామియానా కింద ఇంకా ఘోరం, ఎర్ర గుడ్డ అయితే మనిషి టమాటా అవుతాడు.

ఐదు. ఇది నేను కనిపెట్టా అని చెప్పుకోవాలని ఉంది, కానీ వెలుగు ఎలా నడుస్తుందో తెలిసిన ఎవరికైనా తడుతుంది. స్టూడియోల్లో ముఖం మీదకి వెలుగు కొట్టడానికి తెల్ల థర్మాకోల్ షీట్ పెడతారు. మన దగ్గర అంతకన్నా పెద్ద తెల్ల షీట్ నాలుగు కాళ్ల మీద నిలబడి నెమరేస్తోంది. ఎద్దుని ఎండలో ఉంచి, మనిషిని నీడ అంచున దానికి ఎదురుగా నిలబెడితే, ఎద్దు ఒంటి మీద పడిన ఎండ తిరిగి ఆయన ముఖం మీద పడుతుంది. తెల్లగా, మెత్తగా, పక్క నుంచి. గిత్తల తలా, మెడా, మోపురం కొంచెం బూడిద రంగులో ఉంటాయి, కాబట్టి డొక్క వైపు చూసుకోండి. మొదటిసారి ముఖాన్ని మాయం చేసింది ఎద్దు తెలుపే. రెండోసారి ముఖాన్ని ఇచ్చిందీ అదే.

ఆరు. రెండడుగులు వెనక్కి వేయండి. ఫోన్ మామూలు లెన్స్ చాలా వెడల్పుగా చూస్తుంది. ముఖం నిండా రావాలని దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. వెనక్కి జరిగి రెండు రెట్ల జూమ్ పెట్టండి. ముఖం ఆకారం మారేది లెన్స్ వల్ల కాదు, దూరం వల్ల. పోర్ట్రెయిట్ మోడ్‌ని మాత్రం నమ్మకండి. వెనకాల మసక చేసేటప్పుడు కొమ్ము కొసలనీ, తువ్వాలు అంచు దారాలనీ అది కోసేస్తుంది. నా దగ్గర ఒకటిన్నర కొమ్ము ఉన్న ఎద్దు ఫోటో ఉంది.

ఏడు. వెనకాల చూసుకోండి. మన దగ్గర ఏ పోటీ జరిగినా చుట్టూ నాయకుల ఫ్లెక్సీలే. మనిషి తల వెనక ఇంకో మనిషి తల నవ్వుతూ ఉంటుంది. పది అడుగులు తిరిగితే గడ్డివామో, ట్రాక్టర్ ట్రక్కో, ఖాళీ పొలమో దొరుకుతుంది.

రోడియో ఫోటోగ్రాఫర్లు ఎక్కడ నిలబడ్డారు

టెక్నిక్ ఒక్కటే సరిపోదని రెండు ఫోటోల వల్ల అర్థమైంది.

మొదటిది రాబర్ట్ ఫ్రాంక్‌ది. స్విట్జర్లాండ్‌లో పుట్టి అమెరికా వెళ్లాడు. 1954లో రోడియో జరుగుతున్నప్పుడు న్యూయార్క్ వీధిలో ఒక కౌబాయ్‌ని తీశాడు. గుర్రం లేదు, ఎద్దు లేదు, జనం కేకలు లేవు. చెత్తబుట్టకి ఆనుకుని, తల వంచుకుని సిగరెట్ చూసుకుంటున్న సన్నటి మనిషి. తర్వాత అది "ది అమెరికన్స్" పుస్తకంలో వచ్చింది. ఆట చూడకుండానే ఆ మనిషి ఎవరో తెలుస్తుంది.

రెండోది రిచర్డ్ అవెడాన్‌ది. ఫ్యాషన్ ఫోటోలకి పేరున్న ఆయన 1979 నుంచి 1984 దాకా అమెరికా పశ్చిమ రాష్ట్రాలు తిరిగి కౌబాయ్‌లనీ, గని కార్మికులనీ, కూలీలనీ తీశాడు. తెల్ల కాగితం గోడకి వేలాడదీసి, ఎండ తగలని నీడలో నిలబెట్టి, పెద్ద ఫిల్మ్ కెమెరాతో తీశాడు. 1985లో పుస్తకం వచ్చింది. ఆ ముఖాల్లో ప్రతి గీతా కనబడుతుంది. మనుషుల్ని వాళ్ల చోటు నుంచి వేరు చేసి తనకి కావాల్సిన పశ్చిమాన్ని చూపించాడని విమర్శలూ వచ్చాయి. నాకైతే ఆ విమర్శ సబబే అనిపిస్తుంది. తాతని తెల్ల కాగితం ముందు నిలబెడితే ముఖం వస్తుంది గానీ కాడి పోతుంది, గడ్డివాము పోతుంది. అయినా నీడ పాఠం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నా.

ఇద్దరూ నిలబడింది బరి బయట. నేను రెండు రోజులూ నిలబడింది బరి లోపల, అందరూ చూస్తున్న వైపే చూస్తూ.

ఎప్పుడు, ఎలా అడగాలి

తమ వంతుకి ముందు వాళ్లని కదిలించకండి. సెమిస్టర్ ఎగ్జామ్ హాల్ ముందు మనల్ని ఎవరైనా నవ్వమంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. లాగడం అయిన వెంటనే కూడా వద్దు, ఊపిరి ఆడదు, అడుగుల లెక్క చెప్పేదాకా మనసు మైకు మీదే ఉంటుంది. మంచి టైము పొద్దున్నే. ఎడ్లని కడుగుతూ, ఉడికించిన ఉలవలు పెడుతూ ఉంటారు. చేతిలో పని ఉన్నప్పుడు ముఖం బిగుసుకోదు.

అడిగి తీయండి. ఎద్దుకి వెనకాల నిలబడకండి, గొలుసుకీ బండకీ మధ్యకి అస్సలు వెళ్లకండి. ఫ్లాష్ వద్దు, పోటీ ఎడ్లు అసలే వేడి మీద ఉంటాయి, బెదిరితే ఆపడం కష్టం.

మాట కలపడానికి నేను తిప్పలు పడ్డా. మొదటిరోజు "తాతా, ఆ హంప్ మీద చెయ్యి వెయ్యి" అన్నా. ఆయన అటూ ఇటూ చూశారు. "మోపురమా?" అన్నారు. మెడ కింద వేలాడేది గంగడోలు. ముక్కులోది ముకుతాడు. ఇవన్నీ నాకు ఆరోజు దాకా తెలీదు. ఒక్కో పేరూ అడుగుతుంటే ఆయన చేత్తో చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టారు, కెమెరా సంగతి మర్చిపోయారు. "స్మైల్ ప్లీజ్" కన్నా "దీన్ని ఏమంటారు" అని అడగడం పోర్ట్రెయిట్‌కి బాగా పనికొస్తుంది.

ఒక ఇబ్బందికరమైన విషయం కూడా చెప్పాలి. ఈ పోటీల్లో చర్నాకోల ఉంటుంది, ముల్లుగర్ర ఉంటుంది. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిరోధించే చట్టం 1960 నుంచి ఉంది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునీ ఎడ్లబండి పందేలనీ తప్పుపట్టింది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్ట సవరణల్ని 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. వాదన ఇంకా ఇళ్లలో నడుస్తూనే ఉంది, మా ఇంట్లో కూడా. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: చేతిలో కొరడా ఉంటే ఫోటో అందంగా రావడం కోసం దాన్ని క్రాప్ చేయను. తాత తన ఎడ్లని కొడుకుల్లా చూసుకుంటారు, పోటీలో కొరడా కూడా ఎత్తుతారు. రెండూ ఒకే మనిషి.

రెండోసారి

శివరాత్రి సెలవులకి మళ్లీ వెళ్లా. ఆ రోజుల్లో నరసరావుపేట దగ్గర కోటప్పకొండకి ప్రభలు కట్టుకుని ఊళ్లకి ఊళ్లు కదులుతాయి, జనం అంతా ఆ హడావుడిలో ఉన్నారు. తాత మాత్రం దొడ్లోనే ఉన్నారు. పొద్దున ఏడున్నర అయింది. ఎద్దుని ఎండలోకి కట్టేయమన్నా. ఆయన్ని చూరు నీడ అంచున నిలబెట్టా. అరుగు మీద నాపరాయిని కొలిచి లాక్ చేశా. ఆరొందల ఫోటోలు కాదు, తొమ్మిది తీశా.

ఆరో ఫోటోలో ఆయన ఎద్దు చెవి పట్టుకుని ఏదో చూస్తున్నారు. పిడుదు అనుకుంటా. ఎద్దు తెల్లగా ఉంది. ఆయన నల్లగా ఉన్నారు. ఎడమ చెంప మీద చిన్న మచ్చ ఉంది, అంతకుముందు నేనెప్పుడూ గమనించలేదు. కళ్లు ఉన్నాయి.

పిడుగురాళ్లలో ప్రింట్ వేయించి, వెనకాల ఆయన పేరు, ఎద్దు పేరు, తారీఖు రాసి ఇచ్చా. పేరు రాయడం మర్చిపోకండి. పోటీల వార్తల్లో యజమాని పేరు ఉంటుంది, ఎన్ని అడుగులు లాగాయో ఉంటుంది. తోలిన మనిషి పేరు చాలాసార్లు ఉండదు.

ఆయన ప్రింట్‌ని చేతికి దూరంగా పెట్టుకుని చాలాసేపు చూశారు.

"డొక్క కొంచెం లోపలికి పోయింది దీనికి," అన్నారు ఎద్దుని చూస్తూ. "ఉలవలు పెంచాలి."

తర్వాత కోడల్ని పిలిచి ఇచ్చారు. ఆవిడ కొంగుతో తుడిచి, గోడ మీద అత్తమ్మ ఫోటో పక్కన ఆనించి చూసింది. ఆ పాత ఫోటోలో ఉన్నది ఎవరో నాకూ పోల్చుకోవడం కష్టమైంది.

మీకు ఒక హోంవర్క్

ఈసారి సెలవులకి ఊరెళ్లినప్పుడు, మంచి ఫోటో ఒక్కటీ లేని మనిషి మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరున్నారో చూడండి. తప్పకుండా ఒకరు ఉంటారు. పొద్దున ఎనిమిది లోపు, నీడ అంచున, ఏదో ఒక తెల్లటి దానికి ఎదురుగా నిలబెట్టండి. ఎద్దు లేకపోతే సున్నం కొట్టిన గోడ చాలు, ఆరేసిన పంచె చాలు. ముఖం మీద లాక్ చేయండి. తీసింది అక్కడే చూపించి, "నేనేడ?" అని వాళ్లు అడగకుండా ఉంటే సరిగ్గా వచ్చినట్టు.

ఆ తర్వాత ప్రింట్ వేయించండి. ఫోన్‌లో ఉన్న ఫోటో ఫోన్ పోతే పోతుంది.